తాళం వేసిన ఇంట్లో కరెంటు ఎటు పోతోంది?

లైట్లు, ఫ్యాన్లు అన్నీ ఆపి వారం ఊరెళ్లినా మీటరు తిరిగిందన్నారు కదండీ. ఫ్రిజ్ సంగతి అటుంచితే నా అనుమానం సెట్‌టాప్ బాక్సు మీదే. రిమోట్‌తో ఆపితే టీవీ తెర ఆరుతుంది గానీ బాక్సు లోపల పనిచేస్తూనే ఉంటుంది. అది 10 వాట్లు లాగినా నెలకు 7 యూనిట్లు దాటుతుంది. గోడ స్విచ్చే ఆపాలి. వైఫై రూటరు, ఏసీ స్టెబిలైజరు కూడా అంతే.

ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపి, మీటరు మీద మినుకుమనే ఎర్ర లైటు చూడండి. దాని మీద 3200 అని రాసి ఉంటే అన్నిసార్లు మినుకుమంటే ఒక యూనిట్. ఒక్కో స్విచ్చూ వేస్తూ చూస్తే ఏది ఎంత లాగుతోందో తెలిసిపోతుంది. అన్నీ ఆపినా మినుకుమంటూనే ఉంటే వైరింగులో లీకేజీ ఉండొచ్చు, వెంటనే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.