పాత ఇంటి మరమ్మతు: ఏ మిషను ముందు కొనాలి?

ప్రశ్న: మా తాతగారి నాటి పెంకుటింటినీ, దాని వెనుక తరువాత వేసుకున్న స్లాబు గదినీ నెమ్మదిగా బాగుచేసుకోవాలనుకుంటున్నాం. పెద్ద పనులు మేస్త్రులకే వదిలేస్తాం. అరలు బిగించడం, కిటికీ ఊచల తుప్పు వదిలించడం, పట్టేసిన తలుపులు సరిచేయడం వంటివి మాత్రం స్వయంగా చేసుకోవాలని ఉంది. డ్రిల్లుతో పాటు వంద ముక్కలున్న పెట్టె ఒకటి చౌకగా వస్తోంది. కొనవచ్చా?
— ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: కొనవద్దు. అలాంటి పెట్టెల్లో లెక్క పెంచేవి చిన్నచిన్న స్క్రూడ్రైవరు ముక్కలే. అందులో సగం మీ చేతికి ఎప్పటికీ రావు. అదే డబ్బును 13 మిల్లీమీటర్ల చక్ (బిట్టును పట్టి ఉంచే మూతి), 600 నుంచి 700 వాట్ల శక్తి, వేగాన్ని వేలితో తగ్గించుకునే ట్రిగ్గరు, వెనక్కి తిప్పే మీట ఉన్న ఇంపాక్ట్ డ్రిల్లు ఒకదానిపైనా, గోడకు, ఇనుముకు, చెక్కకు విడివిడిగా తీసుకున్న నాలుగైదు మంచి బిట్లపైనా పెట్టండి. దుకాణంలో అడిగేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం: ఇంపాక్ట్ డ్రైవరు అనేది మరలు బిగించే వేరే మిషను, దానితో గోడకు రంధ్రం వేయడం కుదరదు.

ఒకే ఆవరణలో మీకు రెండు రకాల గోడలున్నాయి కనుక ఆ డ్రిల్లును రెండు విధాలుగా వాడవలసి ఉంటుంది. గోదావరి డెల్టాలోని పాత ఇళ్ల ఇటుక గోడలను చాలావరకు గానుగ సున్నంతోనో మట్టితోనో కట్టారు. వాటిపై హామర్ మోడ్ (బిట్టు తిరుగుతూనే ముందుకు కొట్టుకునే అమరిక) పెడితే ఆ అదురుకు అతుకులు వదులై, గచ్చు పెచ్చులుగా ఊడి, 8 మిల్లీమీటర్ల రంధ్రం కాస్తా వేలు పట్టేంత అవుతుంది, మర పట్టడానికి రంధ్రంలో దూర్చే ప్లాస్టిక్ ప్లగ్గు నిలవదు. హామర్ ఆపివేసి, ముందు సన్నని బిట్టుతో దారి చేసి, ఆ తరువాత కావలసిన బిట్టుతో నెమ్మదిగా వెడల్పు చేయండి. రంధ్రం రెండు ఇటుకల నడుమ అతుకులో కాక ఇటుక మధ్యలో పడేలా చూసుకోండి. స్విచ్ బోర్డుకు నేరుగా పైనా కిందా, పక్కలకూ గోడలో వైర్లు ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి అక్కడ రంధ్రం వేయవద్దు.

స్లాబు గదిలో ఇటుక గోడ వరకు హామర్ మోడ్ సరిపోతుంది. కాంక్రీటు స్తంభం, దూలం, స్లాబు దగ్గర మాత్రం ఈ మిషను అలసిపోతుంది. దీనిలో పళ్లున్న రెండు చక్రాలు ఒకదానిపై ఒకటి జారుతూ అదురు పుట్టిస్తాయి, ఆ అదురు పనిచేయాలంటే మన బలంతో నొక్కి పట్టాలి. కాంక్రీటుకు వాడే రోటరీ హామరు అనే వేరే మిషనులో ముషలకం (పిస్టన్) గాలి ఒత్తిడితో బిట్టును వెనుకనుంచి కొడుతుంది కనుక నొక్కవలసిన అవసరం పెద్దగా ఉండదు. నాలుగు రంధ్రాల కోసం దానిని కొనడం వృథా. ఒక రోజుకు అద్దెకు తెచ్చుకుని, కాంక్రీటు రంధ్రాలన్నీ ఆ రోజే వేసేయండి. లోపల ఇనుప కడ్డీ తగిలి బిట్టు ముందుకు సాగకపోతే పట్టుబట్టక స్థలం మార్చండి.

ఊచల తుప్పుకు రెండవ కొనుగోలుగా 100 మిల్లీమీటర్ల యాంగిల్ గ్రైండరు (ఇనుమును కోసే, అరగదీసే చేతి మిషను) తీసుకోవచ్చు. తుప్పు వదిలించడానికి గ్రైండింగ్ వీలు (అరగదీసే బిళ్ల) వేస్తే ఊచ కూడా అరిగిపోతుంది కాబట్టి గిన్నె ఆకారపు వైరు బ్రష్షు బిగించండి. ఈ మిషను నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. బిగించే వీలు మీదా బ్రష్షు మీదా ముద్రించిన వేగం అంతకు తక్కువ ఉండకూడదు. కటింగ్ వీలు మధ్యనున్న లోహపు రింగుపై గడువు తేదీ ఉంటుంది, అది దాటినదాన్నీ తేమ తగిలినదాన్నీ పారవేయండి. గార్డు తీసేసి వాడటం, దానికి చెక్క కోసే రంపపు బిళ్ల బిగించడం మన దగ్గర రోజూ కనబడే పనులే గాని, వేళ్లు పోయేది అక్కడే. కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి. లుంగీ, కండువాతో ఈ పనికి కూర్చోవద్దు. డ్రిల్లు పట్టేటప్పుడు వదులైన గుడ్డ గ్లవ్స్ కూడా ప్రమాదమే.

తలుపులకు మిషను అక్కరలేదు, చేతి చిత్రిక చాలు. అయితే శ్రావణ భాద్రపదాల్లో తేమకు ఉబ్బిన తలుపును అప్పుడే చెక్కేస్తే వేసవికి సందు పడుతుంది. సంక్రాంతి దాటేవరకు ఆగండి. పాత రంగును ఉప్పుకాగితంతో రుద్దవలసి వస్తే నీళ్లు చల్లుతూ, ఎన్95 మాస్కు పెట్టుకుని, పిల్లలను దూరంగా ఉంచి రుద్దండి. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించకూడదన్న నిబంధన 2017 నవంబరులో గాని అమలులోకి రాలేదు, మీ తలుపుల రంగు అంతకు ముందుదే కావచ్చు.

ప్రశ్న: కరెంటు కోతలున్న చోట బ్యాటరీ డ్రిల్లు మేలు కదా? 18 వోల్టులదా, 20 వోల్టులదా?
— ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: రెండూ ఒకటే. 3.6 వోల్టుల సెల్లులు అయిదు కలిస్తే 18; పూర్తిగా చార్జి అయిన క్షణాన అవే సుమారు 20 చూపుతాయి, కొన్ని కంపెనీలు ఆ అంకెనే పెట్టె మీద వేసుకుంటాయి. మరలు బిగించడానికి, చెక్క పనికి, నిచ్చెనెక్కి చేసే పనులకు బ్యాటరీది ఎంతో హాయి. కాని ఒక కంపెనీ బ్యాటరీ మరొక కంపెనీ మిషనుకు సాధారణంగా పట్టదు, అది పాతబడితే కొత్తదాని ధర మిషను ధరకు దగ్గరగా ఉంటుంది. ఒక్కటే కొనగలిగితే నేను తీగతో ఉన్నదాన్నే కొనమంటాను. ఏది కొన్నా కార్బన్ బ్రష్షులు (మోటారులో అరిగిపోయే చిన్న బొగ్గు ముక్కలు), మరమ్మతు భీమవరంలోనో రాజమహేంద్రవరంలోనో దొరుకుతాయో లేదో ముందే అడగండి.

ప్రశ్న: డ్రిల్లు పట్టుకుంటే చేతికి చిమచిమలాడుతోంది. ఎర్తింగ్ లోపమా?
— ఒక పాఠకుడు, నరసాపురం

జవాబు: మిషను మీద చదరంలో చదరం గుర్తు ఉంటే అది రెండు పొరల ఇన్సులేషన్ ఉన్నది, దానికి ఎర్త్ తీగే ఉండదు. అలాంటిది చిమచిమలాడిందంటే లోపల తేమో, ఉప్పు కలిసిన దుమ్మో చేరిందని, లేదా తీగ చిట్లిందని అనుమానించాలి. వెంటనే ఆపి మెకానిక్కుకు చూపించండి. మీటరు బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) లేకపోతే తదుపరి మిషను కొనకముందే అది పెట్టించండి. మూడు పిన్నుల మిషన్లకు ఎర్తింగ్ విడిగా సరిగా ఉండాలి. ఆర్‌సీసీబీ ఉంది కదా అని దానిని మానరాదు. 700 వాట్ల డ్రిల్లు సుమారు 3 ఆంపియర్లే తీసుకుంటుంది గనుక చిన్న సాకెట్ చాలు, మార్బుల్ కట్టరును మాత్రం 16 ఆంపియర్ల సాకెట్‌కే పెట్టండి. పని అయ్యాక మిషనును తుడిచి, బిట్లకు కాస్త మిషను నూనె రాసి, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచితే మీ సముద్రపు గాలికి తుప్పు తగ్గుతుంది.