నెగెటివ్ లేని ఫొటో

ప్రశ్న: మా మేనమామ 1986లో అమెరికా నుంచి, తీసిన వెంటనే ఫొటో చేతికిచ్చే పోలరాయిడ్ కెమెరా తెచ్చారు. రామకృష్ణా బీచ్‌లో దానితో తీసిన మా అమ్మమ్మ ఫొటో ఒక్కటే మిగిలింది. అదీ వెలిసిపోతోంది. ఎలా కాపాడుకోవాలి? అంత గొప్ప కంపెనీ ఎందుకు దెబ్బతింది? కెమెరా మీద 600 అని ఉంది, ఫిల్ము దొరుకుతుందా?
- ఒక పాఠకురాలు, మద్దిలపాలెం, విశాఖపట్నం

జవాబు: ముందు ఫొటో సంగతి చూడమ్మా. మళ్లీ ప్రింటు వేసుకోవడానికి దానికి నెగెటివ్ ఉండదు, పోతే పోయినట్టే. ఈ వారమే స్కాన్ చేయించండి. లామినేషన్ వద్దు. కింది వెడల్పాటి తెల్ల అంచును కత్తిరించకండి. రసాయనాల పొట్లం ఉండేది అందులోనే. ఫొటో బయటికి వచ్చేటప్పుడు కెమెరాలోని రోలర్లు ఆ పొట్లాన్ని చిదిమి, మందును పలచగా పరుస్తాయి. మన ఊరి ఉప్పుగాలి, ఎండ తగలకుండా కాగితం కవరులో పెట్టి బీరువాలో దాచండి.

జగదాంబ దగ్గర ముప్పై ఏళ్లు స్టూడియో నడిపాను. ఒక పెళ్లిలో ఎవరో ఆ కెమెరా తెస్తే, నా పని ఆపి చూస్తూ నిలబడ్డాను. పచ్చని మసకలోంచి మెల్లగా పెళ్లికూతురి జడ, తర్వాత చీర అంచు తేలాయి. చుట్టూ ఉన్నవాళ్లు ఊపమంటున్నారు. ఊపనక్కర్లేదు, ఊపితే ఒక్కోసారి పాడవుతుంది కూడా.

ఫొటో వెంటనే ఎందుకు చూడకూడదని పోలరాయిడ్ కంపెనీ పెట్టిన ఎడ్విన్ ల్యాండ్‌ను ఆయన మూడేళ్ల కూతురు అడిగిందట, 1943లో. ఆ ప్రశ్న పట్టుకుని ఆయన 1948లో బోస్టన్‌లో మొదటి కెమెరా అమ్మకానికి పెట్టారు. అసలు రాబడి మాత్రం ఫిల్ముది. మీట నొక్కిన ప్రతిసారీ కంపెనీకి డబ్బు. గంటలో ప్రింటు ఇచ్చే ల్యాబులు వచ్చి కొంత గిరాకీ లాగేశాయి, డిజిటల్ వచ్చి ఫిల్మునే లేకుండా చేసింది. వాళ్లకు ఆ విద్య తెలియక కాదు, 1996లో సొంత డిజిటల్ కెమెరా కూడా అమ్మారు. కానీ ఫిల్ము తెచ్చే రాబడిని వదులుకోలేకపోయారు. నాకు బాధ అక్కడే. 2001 అక్టోబరులో దివాలా, 2008లో ఫిల్ము తయారీ ఆపుతున్నట్టు ప్రకటన.

అయితే అదే ఏడాది నెదర్లాండ్స్‌లోని ఎన్‌స్కెడే కర్మాగారంలో మిగిలిన యంత్రాలను కొందరు అభిమానులు కొని, 2010లో కొత్త ఫిల్ము తెచ్చారు. ఇప్పుడది పోలరాయిడ్ పేరుతోనే వస్తోంది. 600 రకం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, పెట్టెకు 8 ఫొటోలు. ఖరీదు ఎక్కువే. బ్యాటరీ ఫిల్ము పెట్టెలోనే ఉంటుంది కనుక, ఇన్నేళ్లు మూలన పడున్నా మీ కెమెరా పనిచేయవచ్చు. ముందు రోలర్లను తడిగుడ్డతో మెత్తగా తుడిచి, ఆరనివ్వండి.