పాత ఉన్ని పారేసే ముందు ఒక్క పోగు కాల్చి చూడండి

చిల్లులు పడ్డ స్వెటర్లు, పాత రగ్గులు, అల్లగా మిగిలిన ఉలెన్ ఉండలు పోగయ్యాయి, చెత్తబండికి వేయడానికి మనసొప్పడం లేదు, మొక్కల మొదట్లో వేస్తే మట్టిలో కలుస్తాయా అని మీలో ఒకరు అడిగారు. కలుస్తాయి, అసలైన ఉన్ని అయితేనే. మా నరసన్నపేట ఇంట్లో కొన్నేళ్లుగా ఇదే పని చేస్తున్నాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

మన శ్రీకాకుళంలో చలి ఎంతని? అయినా చాలా ఇళ్లలో ఉన్ని ఉంటుంది, ఎందుకంటే మిలిటరీకి వెళ్లినవాళ్లు లేని ఊరు అరుదు. మావారు ఆర్మీలో 22 ఏళ్లు చేసి తెచ్చిన ట్రంకు పెట్టె అటక మీదే ఉండిపోయింది. ఒక వేసవిలో దింపి తెరిస్తే పైనున్న జెర్సీ మోచేతుల దగ్గర జల్లెడలా ఉంది. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే తెల్లటి గూళ్లు, ఇసుక లాంటి పొడి రాలాయి. చిమ్మట కొట్టేసింది. చాలా బాధేసింది, ఆయన సియాచిన్ వైపు పోస్టింగులో వేసుకున్న జెర్సీ అది.

ముందు పరీక్ష. కుట్టు లోపలి నుంచి ఒక పోగు లాగి, పట్టుకారుతో పట్టుకుని దీపం మీద పెట్టండి. అసలు ఉన్ని నిదానంగా కమురుతుంది, మంట తీయగానే ఆరిపోతుంది, వెంట్రుక కాలిన కంపు వస్తుంది, మిగిలిన నల్లటి బూడిద వేళ్ల మధ్య పొడి అయిపోతుంది. అక్రిలిక్ గబుక్కున అంటుకుని కరిగి కారుతుంది, చల్లారితే గట్టి పూస అవుతుంది. రెండూ కనిపిస్తే మిశ్రమం. ఫ్యాన్సీ షాపుల్లో మనం "ఉలెన్" అని కొనే రంగురంగుల ఉండల్లో ఎక్కువ భాగం అక్రిలిక్కే, అంటే ప్లాస్టిక్కే. నాకు ఈ సంగతి తెలియని రోజుల్లో అలాంటి ఉండతో గిన్నెలు దించుకునే పట్టు అల్లాను. పొయ్యి మీంచి కుక్కరు దించుతుంటే అది కరిగి నా బొటనవేలికి అతుక్కుంది. బొబ్బ మానడానికి రెండు వారాలు పట్టింది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను: అక్రిలిక్ పొయ్యి దగ్గరకీ వద్దు, మట్టిలోకీ వద్దు.

అసలు ఉన్ని అని తేలితే, చిల్లులున్నా సరే, మొదట చేయాల్సింది దాన్ని పనిగట్టుకుని కుదించడం. ఉన్ని వెంట్రుక మీద చేప పొలుసుల్లాంటి పొరలుంటాయి. వేడి, తడి, సబ్బు, రాపిడి నాలుగూ కలిస్తే అవి ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఇక విడిపోవు. బకెట్లో చెయ్యి పెట్టలేనంత వేడినీళ్లు, సబ్బుపొడి వేసి జెర్సీని కర్రతో కలియబెట్టాను. కాస్త చల్లారాక బండ మీద వేసి బాది, రుద్ది, చన్నీళ్లలో ముంచి, మళ్లీ వేడినీళ్లు. ముప్పావు గంటకి అల్లిక గీతలు కనబడకుండా పోయాయి. పెద్దమనిషి జెర్సీ పదేళ్ల గుంటడికి సరిపడేంత అయింది, చేతికి మందంగా, మెత్తటి చెక్కలా తగిలింది. కత్తెరతో ఎటు కోసినా పోగు ఊడదు. మావారు చూసి కశ్మీరులో నమ్దా అనే చాపలు ఇలాగే చేస్తారని చెప్పారు. మెషీన్లో ఉతకొచ్చని చీటీ ఉన్న ఉన్ని మాత్రం ఇలా కుదించుకోదు, దాని పొలుసులు ముందే చంపేసి ఉంటారు.

ఆ ముక్కల్లో నాలుగు ఇప్పుడు నా మసిగుడ్డలు. ఉన్ని తొందరగా అంటుకోదు కాబట్టి ధైర్యంగా వాడతాను. చెప్పుల్లో అట్టలుగా కోసుకోవచ్చు, మిక్సీ కిందా కుర్చీ కాళ్ల కిందా వేసుకోవచ్చు. నాకు బాగా నచ్చింది నీళ్ల సీసా తొడుగు. పాత మిలిటరీ వాటర్ బాటిల్‌కి మందపాటి ఉన్ని తొడుగు ఉండేది, గుర్తుందా? దాన్ని తడిపితే ఆ తడి ఆరుతూ లోపలి వేడిని లాగేస్తుంది, నీళ్లు చల్లబడతాయి. మావయ్యగారు పొలానికి తీసుకెళ్లే స్టీలు సీసాకి అలాంటిదే కుట్టాను. చిరిగిన రగ్గునేమో మడతలు పెట్టి వెదురుబుట్టలో పరిచాను. పొద్దున్నే కాచిన చోడి (రాగి) అంబలి గిన్నెని అందులో పెట్టి పైన కూడా కప్పితే ఆయన పొలం నుంచి వచ్చేసరికి గోరువెచ్చగా ఉంటుంది. నానబెట్టిన పెసరపప్పుని పది నిమిషాలు పొంగించి మూతతో సహా అందులో పెడితే గంటలో ఉడికిపోతుంది, గ్యాసు మిగులు.

ఇక మీరు అడిగిన మట్టి సంగతి. ఉన్ని అంటే మన జుట్టు, గోళ్ల లాంటి కెరటినే. అందులో నత్రజని, గంధకం ఉంటాయి, కుళ్లుతూ నిదానంగా మొక్కకి ఇస్తుంది. తన బరువులో మూడో వంతు దాకా తేమని పీల్చుకున్నా పైకి తడి తెలియదు. దేనికీ పనికిరాని ముక్కల్ని బొటనవేలంత కోసి, ముందు బాగా నానబెట్టి, కుండీలో మూడు వేళ్ల లోతున పరిచి మట్టి కప్పుతాను. ఎండు ఉన్ని వేస్తే నీళ్లని పక్కకి తోసేస్తుంది. మేడ మీది కరివేపాకుకి ఏప్రిల్, మే నెలల్లో రెండు పూటలా పోయాల్సిన నీళ్లు ఒక పూటకి వచ్చాయి. 14 నెలల తర్వాత తవ్వి చూస్తే ఇంకా కొన్ని పోగులు మిగిలున్నాయి, వేళ్లు వాటి చుట్టూ అల్లుకుని ఉన్నాయి. కాబట్టి తొందర పడకండి. పొడుగు దారాలు పైన వదలకండి, పిచ్చుకల కాళ్లకి చుట్టుకుంటాయి. ముదురు రంగు ఉన్నికి క్రోమియం కలిసిన అద్దకాలు వాడటం ఉంది, అందుకని అలాంటివి పూలమొక్కలకే వేస్తాను. కరివేపాకు, కూరగాయలకి రంగు లేనివే.

మా పుట్టిల్లు ఉద్దానంలో, కవిటి దగ్గర. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫానుకి కొబ్బరితోట పడిపోతే తమ్ముడు మళ్లీ మొక్కలు నాటాడు. నాలుగు గోతుల్లో పాత రగ్గు ముక్కలు వేశాం. తేమ బాగానే నిలిచింది, కానీ నిజం చెప్పాలంటే ఉద్దానం ఇసుక నేలలో కొబ్బరి డొక్కలు పూడ్చినా అదే పని జరుగుతుంది, అవి అక్కడ ఊరికే దొరుకుతాయి. ఉన్నిని తోట దాకా మోయక్కర్లేదు, కుండీలకి ఉంచుకోండి.

గొర్రెల బొచ్చు కూడా వాడొచ్చా అని ఇంకొకరు అడిగారు. వాడొచ్చు. మన వైపు గొర్రెలకి మెత్తటి ఉన్ని కాదు, ముతక బొచ్చే, వడకడానికి రాదు, కత్తిరించి మంద దగ్గరే వదిలేస్తారు. దాన్ని పేడతో కలిపి పెంటలో వేస్తే మంచి ఎరువు. బొచ్చు నానబెట్టిన నీళ్లు కూడా పారబోయకండి, గొర్రె చెమటలో పొటాషియం లవణాలుంటాయి, బీరపాదుకి పోయండి. కానీ చచ్చిన గొర్రె బొచ్చు ముట్టుకోవద్దు. దొమ్మరోగం (ఆంత్రాక్స్) క్రిములు బొచ్చులోనూ మట్టిలోనూ ఏళ్ల తరబడి బతుకుతాయి, మనుషులకీ వస్తుంది. బతికున్న మందలో కత్తిరించిందే తెచ్చుకోండి, ముక్కుకి గుడ్డ కట్టుకోండి.

బాగున్న రగ్గులు ఎవరికైనా ఇచ్చేయండి. పాత స్వెటర్లు మరీ ఎక్కువుంటే పాత బట్టలు కొనేవాళ్లకి వేయొచ్చు. హర్యానాలో పానిపట్టు ఈ పనికి పేరుపడ్డ ఊరు: పాత ఉన్ని బట్టల్ని రంగుల వారీగా వేరుచేసి, చీల్చి, మళ్లీ నూలు వడికి రగ్గులు నేస్తారు. రంగుల వారీగా ఏరడం వల్ల మళ్లీ అద్దే పని పెద్దగా ఉండదు. తుఫాను సాయంగా పంచే చవక రగ్గుల్లో పానిపట్టువి చాలా ఉంటాయి.

మీ అక్రిలిక్ ఉండలు పారేయకండి. తలుపు ముందు కాళ్లు తుడుచుకునే పట్టాలు అల్లుకోండి, చిన్న ముక్కలు కుర్చీ దిండులో కూరండి. చిమ్మట వాటి జోలికి రాదు. అసలు ఉన్నిని మాత్రం ఈ వారమే ఎర్రటెండలో రెండు రోజులు వేసి, గట్టిగా దులిపి, ఆ తర్వాతే ఇంట్లోకి తెచ్చి కత్తెర పట్టుకోండి. లేకపోతే ఆ పురుగు పట్టుచీరల బీరువాకి ఎక్కుతుంది, మాకు అలా ఒక చీర పోయింది.