ముందు ఆ లిస్టు సగానికి కొట్టెయ్

అమ్మాయీ,

నువ్వు పంపిన ఢిల్లీ టూర్ ప్లాన్ రెండుసార్లు చదివాను. నాలుగు రోజుల్లో పదిహేడు చోట్లు, పైగా ఆగ్రా ఒకటి! చదువుతుంటేనే నా మోకాళ్ళు లాగాయి. తొమ్మిదో తరగతి పిల్లలు నలభై ఇద్దరు, మీరు టీచర్లు నలుగురు, అందులో నీకు తప్ప ఇంకెవరికీ హిందీ రాదు. చివర్లో "టీచర్, ఇంకేమైనా కలపమంటారా?" అని అడిగావు చూడు, అక్కడ నవ్వొచ్చింది నాకు. కలపడం తర్వాత సంగతి. ముందు సగం కొట్టెయ్.

మొదటిసారి నేనూ నీలాగే చేశాను. రెండు రోజుల్లో పదకొండు చోట్లు తిప్పాను. బస్సు దిగడం, లైన్లో నిలబడడం, గ్రూప్ ఫొటో, మళ్ళీ బస్సెక్కడం. తిరిగొచ్చాక వ్యాసం రాయమంటే ఒకడు హుమాయూన్ సమాధిని షాజహాన్ కట్టించిన పార్లమెంటు అని రాశాడు. వాడిని కోప్పడ్డాను గానీ, తప్పు నాదే. అందరూ బాగా రాసింది ఒక్కటే, రైల్లో గోదావరి దాటడం. అక్కడ వాళ్ళని "పదండి పదండి" అని తరిమేవాళ్ళు ఎవరూ లేరు మరి.

ఇక నీ ప్లాన్‌లో ఉన్న పొరపాటు. ఎర్రకోట సోమవారం పెట్టావు. సోమవారం అది మూసేస్తారు. నేషనల్ మ్యూజియం, తీన్‌మూర్తి దగ్గరి ప్రధానమంత్రుల మ్యూజియం, రైల్ మ్యూజియం, లోటస్ టెంపుల్, గాంధీ స్మృతి, వీటన్నిటికీ సోమవారమే సెలవు. తాజ్‌మహల్‌కి శుక్రవారం సెలవు, నువ్వు ఆగ్రా పెట్టింది సరిగ్గా శుక్రవారమే! సోమవారం తెరిచి ఉండేవి కుతుబ్ మినార్, హుమాయూన్ సమాధి, జంతర్ మంతర్. ఆ రోజుకి అవి చాలు. ఆగ్రా మాత్రం పూర్తిగా తీసెయ్. పోనూ రానూ ఏడెనిమిది గంటలు బస్సులో కూర్చోబెట్టి, అక్కడ గంటన్నర చూపించడం పిల్లలకి శిక్ష. పెళ్ళయ్యాక ఎలాగూ వెళ్తారు.

క్రిస్మస్ సెలవులు కూడా వద్దు. డిసెంబర్ చివరి నుంచి జనవరి మధ్య దాకా అక్కడ పొగమంచు. ఒక ఏడాది మా తిరుగు రైలు పదకొండు గంటలు ఆలస్యమైంది. ప్లాట్‌ఫారం మీద బ్యాగులు చుట్టూ పెట్టి, పిల్లల్ని మధ్యలో పడుకోబెట్టి, రాత్రంతా మేం కాపలా కూర్చున్నాం. జనవరి అంతా రిపబ్లిక్ డే ఏర్పాట్లు, ఇండియా గేట్ చుట్టూ రోడ్లు ఎప్పుడు మూస్తారో తెలియదు. ఫిబ్రవరి మొదటి రెండు వారాలు అడుగు. పరీక్షలకి ఇంకా టైం ఉంటుంది, చలి కూడా మన పిల్లలు తట్టుకునేంతే. అప్పుడైనా స్వెటర్ తప్పనిసరి. మార్గశిరంలో మెరీనా గాలికే మఫ్లర్ చుట్టుకునే జనం మనం.

రైలు రిజర్వేషన్ ఇప్పుడు ప్రయాణానికి 60 రోజుల ముందే తెరుస్తారు. ఒక్కో టికెట్ మీద ఆరుగురికి మించి ఇవ్వరు కాబట్టి, హెచ్‌ఎం సంతకంతో పిల్లల పేర్లు, వయసులు రాసిన ఉత్తరం పట్టుకెళ్ళి రిజర్వేషన్ ఆఫీసులో బల్క్ బుకింగ్ గురించి మాట్లాడు. విద్యాయాత్ర అయితే విద్యార్థులకి స్లీపర్‌లో కన్సెషన్ ఉంది, ఆ ఫారం కూడా అప్పుడే అడుగు. పురావస్తు శాఖ కట్టడాల్లో పదిహేనేళ్ళ లోపు పిల్లలకి టికెట్ లేదు. మీ క్లాసులో కొందరికి పదిహేను దాటి ఉంటాయి, కొందరికి ఉండవు. గేటు దగ్గర వాదన పెట్టుకోకుండా అందరి ఆధార్ జిరాక్సులు ఒక ఫైల్లో పెట్టుకో.

విమానం అని కొందరు తల్లిదండ్రులు అంటున్నారన్నావు. ఒప్పుకోకు. రాత్రి సెంట్రల్లో తమిళనాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మూడో రోజు పొద్దునకి ఢిల్లీ. మధ్యలో ఉన్న ఆ పగలే నీ మొదటి పాఠం. కృష్ణ చీకట్లోనే దాటిపోతుంది. మన మద్రాసు కుళాయిల్లోకి తెలుగు గంగ మీదుగా వచ్చేది ఆ నీళ్ళేనని చెప్పు, నిద్ర మానుకుని లేచి చూసేవాళ్ళు నలుగురైనా ఉంటారు. గోదావరి పొద్దున, నర్మద సాయంత్రం వస్తాయి. స్టేషన్ బోర్డు మీద లిపి ఎక్కడ మారిందో రాసుకోమను. తమిళం ఎక్కడ పోయింది, తెలుగు ఎక్కడ ఆగింది అని. పటం ఎన్నిసార్లు గీయించినా అంత బాగా ఎక్కదు.

ఇప్పుడు జంతర్ మంతర్. అది నీ లిస్టులో పదహారోది, పక్కన "టైం ఉంటే" అని రాశావు. నేనైతే ఒక పూటంతా దానికే ఇస్తాను. జైపూర్ రాజు సవాయి జైసింగ్ 1724లో కట్టించాడు. అందులో సమ్రాట్ యంత్రం అని పెద్ద నీడ గడియారం ఉంది. ఆకాశంలోకి ఎక్కే మెట్లలాంటి వాలుగోడ. ఆ వాలు ఇష్టం వచ్చినట్టు పెట్టింది కాదు. ఢిల్లీ అక్షాంశం ఎంతో, అంటే దాదాపు ఇరవై ఎనిమిదిన్నర డిగ్రీలు, గోడ అంత కోణంలో ధ్రువ నక్షత్రం వైపు లేస్తుంది. అదే యంత్రం మన చెన్నైలో కడితే 13 డిగ్రీలే, గోడ పడుకున్నట్టు ఉంటుంది.

దీన్ని నోటితో చెబితే ఆవలిస్తారు. వెళ్ళే ముందు స్కూలు మేడ మీద అట్టతో చిన్న నీడ గడియారం చేయించు, 13 డిగ్రీల వాలుతో. దాన్నే ఢిల్లీకి పట్టుకెళ్ళండి. జంతర్ మంతర్ ఆవరణలో దాన్ని ఇంకో పదిహేనున్నర డిగ్రీలు పైకి లేపి, ఉత్తరం వైపు తిప్పి పెట్టి నీడ చూడమను. వాచీతో పోలిస్తే దాదాపు 21 నిమిషాలు వెనక ఉంటుంది. మన దేశమంతటికీ టైం 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన నడుస్తుంది, ఢిల్లీ దానికి పడమట ఉంది కాబట్టి. ఫిబ్రవరిలో అయితే భూమి తిరిగే తీరు వల్ల ఇంకో పద్నాలుగు నిమిషాలు కలుస్తాయి. "టీచర్, మన గడియారం తప్పు చూపిస్తోంది" అని ఎవడో ఒకడు అరుస్తాడు. వెంటనే జవాబు చెప్పెయ్యకు, కాసేపు కొట్టుకోనీ. ఒకప్పుడు మన నుంగంబాకం అబ్జర్వేటరీ టైం ప్రకారమే దేశంలో రైళ్ళు నడిచేవని కూడా అప్పుడే చెప్పు.

గాంధీ స్మృతికి సాయంత్రం తీసుకెళ్ళు. ఆయన చివరి 144 రోజులు ఉన్న ఇల్లు అది. 1948 జనవరి 30న గది నుంచి ప్రార్థనకి నడిచి వెళ్ళిన దారిలో సిమెంటు అడుగులు వేసి ఉంచారు. ఆ అడుగుల పక్కన నడుస్తూ ఎవరూ మాట్లాడకూడదు అని ఒక్క షరతు పెట్టు. గైడ్ వద్దు, నీ వివరణా వద్దు.

పాత పార్లమెంటు భవనాన్ని ఇప్పుడు సంవిధాన్ సదన్ అంటున్నారు. లోపలికి పాస్ కావాలంటే ఎంపీ ఆఫీసుకి ముందే ఉత్తరం పెట్టు. రాకపోతే దిగులు పడకు, దూరం నుంచి చూపించినా సరే. మన అడయారు వైపు ఆంధ్ర మహిళా సభ పెట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్, 1946లో అక్కడ మొదలైన రాజ్యాంగ సభలో కూర్చున్న పదిహేనుమంది ఆడవాళ్ళలో ఒకరు. ఢిల్లీ మెట్రో పింక్ లైన్లో ఆవిడ పేరుతో స్టేషనే ఉంది. ఆడపిల్లలు ఆ బోర్డు కింద ఫొటో దిగుతారు, చూస్తూ ఉండు.

కుతుబ్ మినార్ దగ్గర "పైకి ఎందుకు ఎక్కనివ్వరు?" అని తప్పకుండా అడుగుతారు. 1981 డిసెంబర్ 4న లోపలి మెట్ల మీద కరెంటు పోయి తొక్కిసలాట జరిగింది. 45 మంది పోయారు, ఎక్కువమంది టూర్‌కి వచ్చిన స్కూలు పిల్లలే. ఈ సంగతి పిల్లలకి ఎంత చెప్తావో నీ ఇష్టం. మీ నలుగురు టీచర్లు మాత్రం రైలెక్కే ముందే ఒకసారి మాట్లాడుకోండి. మెట్లు, ఎస్కలేటర్, ఇరుకు గేటు, ఎక్కడైనా ముందొకరు, వెనకొకరు.

లెక్క పెట్టడం గురించి చెప్పాలి. తలలు లెక్కపెడితే కుదరదు, పిల్లలు కదులుతూనే ఉంటారు. ఏడుగురికో జట్టు చొప్పున ఆరు జట్లు చెయ్యి. ఒక్కొక్కరికీ నంబరు, వాళ్ళే వరసగా అరవాలి. ఒకసారి మెట్రోలో ఒకడు షూ లేసు కట్టుకుంటూ ప్లాట్‌ఫారం మీద ఉండిపోయాడు, తలుపులు మూసుకున్నాయి. వాడు తెలివిగా తర్వాతి రైలెక్కి, ఎక్కడ దిగాలో తెలియక లైన్ చివరిదాకా పోయాడు. రెండు గంటల తర్వాత దొరికాడు. సెక్యూరిటీ వాళ్ళు పెట్టిన బిస్కెట్లు తింటున్నాడు, మాకు మాత్రం ప్రాణాలు పోయి వచ్చాయి. అప్పటి నుంచి మా రూలు ఒకటే: తప్పిపోయినవాడు కదలకూడదు, వెతకాల్సిన పని టీచర్ది. ఒక ఆదివారం మన చెన్నై మెట్రోలోనే, సెంట్రల్ నుంచి ఎయిర్‌పోర్టు దాకా దీనికి రిహార్సల్ వెయ్యి. ఐడీ కార్డు వెనక నీ నంబరు, "నేను చెన్నై నుంచి వచ్చాను, మా టీచర్‌కి ఫోన్ చెయ్యండి" అన్న ముక్క హిందీలో రాయించు.

ఆడపిల్లల్ని వేరుగా కూర్చోబెట్టి నెలసరి గురించి, ప్యాడ్ల గురించి ముందే మాట్లాడు. రైల్లో బాత్రూం చూసి భయపడి నీళ్ళు తాగడం మానేస్తారు, రెండో రోజుకి తలనొప్పి, కడుపునొప్పి. నువ్వే దగ్గరుండి తాగించాలి.

తిండి సంగతి పెద్దగా ఆలోచించకు. మొదటి రోజుకి పులిహోర, పెరుగన్నం ఇళ్ళ నుంచి వస్తాయి. పచ్చడి సీసాలు మాత్రం వద్దు. ఒకసారి నాగపూర్ దగ్గర గోంగూర సీసా మూత ఊడి ముగ్గురి దుప్పట్లు ఎర్రబడ్డాయి, ఆ వాసన ఢిల్లీ దాకా వచ్చింది. అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్‌కి ఒక్క పూట తీసుకెళ్ళు, పన్నెండు కొట్టకముందే చేరితే లైను తక్కువ. మిగతా రోజులు పరాఠాలు, ఛోలే తిననీ. అంతదూరం వెళ్ళి సాంబారు వెతుక్కుంటే ఎలా?

రాత్రి తొమ్మిదింటికి తల్లిదండ్రుల గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టు, "అందరూ భోంచేశారు, అందరూ గదుల్లో ఉన్నారు" అని. అంతకుమించి ఫొటోలు, వీడియోలు పెట్టకు. ఒక ఫొటోలో మా వాడు లేడేంటని నలభై ఫోన్లు వస్తాయి.

ఆదివారం సాయంత్రం ఇంటికి రా. కొత్త ప్లాన్ కాగితం మీద రాసి తీసుకురా, ఫోన్లో అయితే నాకు కనబడదు. అందులో ఏడు చోట్లకి మించి ఉంటే కాఫీ ఇవ్వను.

మీ పాత సోషల్ టీచర్