పాత ల్యాప్‌టాప్‌కి ర్యామ్ కొనేముందు

చిన్నా,

మీ నాన్న పాత ల్యాప్‌టాప్ విప్పి, ర్యామ్, అదే మెమరీ, నువ్వే మారుస్తానంటున్నావని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చెబుతున్నప్పుడు దాని గొంతులో సగం ఫిర్యాదు, సగం గొప్ప. "ఏదో ముక్క తెప్పిస్తాడట, చాలా చవకట, అది వేస్తే కొత్తదానిలా పరుగెడుతుందట" అంది. నాకూ అలాగే ఉంది. మూత విప్పి చూడాలని నీకు తోచినందుకు సంతోషం. ఆ "చాలా చవకట" విన్న దగ్గర్నుంచి మాత్రం టెన్షన్. ఇన్నేళ్లు ఆఫీసులో అందరి కంప్యూటర్లూ చూసుకున్నదాన్ని, చవక, తొందర కలిసి వస్తే ఏమవుతుందో చాలానే చూశాను. అందుకే రాస్తున్నాను. ఫోన్ చేస్తే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అంటూ పెట్టేస్తావు.

ఆర్డర్ పెట్టకపోతే ఆగు. పెట్టేసి ఉంటే పార్సిల్ విప్పేముందు ఇది మొత్తం చదువు.

"స్లోగా ఉంది" అంటే రోగం పేరు చెప్పినట్టు కాదు. ఎందుకు స్లోగా ఉందో ముందు చూడాలి. నువ్వు రోజూ వాడేవన్నీ తెరువు: బ్రౌజర్‌లో నీకు అలవాటైన ఆ ట్యాబులన్నీ, క్లాసు వీడియో, కోడ్ రాసుకునేది. అప్పుడు టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ పేజీకి వెళ్లి మెమరీ మీద నొక్కు. ఏమీ తెరవకుండా చూస్తే ఏమీ తెలియదు. 4 జీబీ మెషిన్‌లో విండోస్ లేచి కూర్చోగానే సగం దాకా నిండినట్టు కనబడుతుంది, దానికి కంగారు పడక్కర్లేదు. అవైలబుల్ అన్న అంకె చూడు. పని చేస్తుండగా అది బాగా అడుగంటిపోయి, అదే సమయంలో డిస్క్ 100 శాతం దగ్గర అతుక్కుపోతే, ర్యామ్ చాలక విండోస్ పేజీ ఫైల్‌తో, అంటే ర్యామ్ బదులు డిస్క్ మీద వాడుకునే చోటుతో, నెట్టుకొస్తోందన్నమాట. రిసోర్స్ మానిటర్‌లో హార్డ్ ఫాల్ట్స్ (ర్యామ్‌లో లేనిదాని కోసం డిస్క్ దగ్గరికి వెళ్లిన లెక్క) గ్రాఫ్ కూడా ఆగకుండా లేస్తుంటే ఇక అనుమానం లేదు. ర్యామ్ వేస్తే తేడా నీకే తెలుస్తుంది.

అలా కాకుండా మెమరీ ఇంకా మిగిలే ఉండి, డిస్క్ ఒక్కటే 100 దగ్గర ఉంటే? తప్పు హార్డ్ డిస్క్‌ది. 5400 ఆర్‌పీఎం డిస్క్ ఒక్క చుట్టు తిరగడానికే 11 మిల్లీసెకన్లు పడుతుంది. ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేకుండా చిప్పులతో చేసిన డిస్క్, అడిగిన చిన్న ముక్కని మిల్లీసెకనులో పదో వంతులో తెచ్చి ఇచ్చేస్తుంది. 4 జీబీ ర్యామ్, హార్డ్ డిస్క్ రెండూ ఉన్న మెషిన్‌కి ఒక్కటే కొనగలిగితే నా ఓటు ఎస్‌ఎస్‌డీకే. ర్యామ్ చాలకపోయినా, పేజీ ఫైల్ ఎస్‌ఎస్‌డీ మీద ఉంటే పని ఎలాగోలా నడుస్తుంది. రెండూ కొనగలిగితే మరీ మంచిది. 4 నుంచి 8కి వెళ్తే ఎవరికైనా తెలుస్తుంది. 8 నుంచి 16 మాత్రం వర్చువల్ మెషిన్లు, ఆండ్రాయిడ్ స్టూడియో లాంటి బరువైన ప్రోగ్రాములు నిజంగా వాడేవాళ్లకే. "ముందు ముందు వాడతాను" అంటావు, నాకు తెలుసు. అప్పుడే కొనుక్కో.

ఇంకోటి. మీ నాన్న అది కొన్నప్పుడు మోడల్ చెప్పింది నేనే, అందుకే గుర్తుంది: ఇంటెల్ నాలుగో తరం ప్రాసెసర్. విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో తరం నుంచే, పైగా టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ అడుగుతుంది. నువ్వు 16 జీబీ పెట్టినా ఆ లిస్టులోకి రాదు. విండోస్ 10కేమో మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ బదులు లినక్స్ వేసుకునే ఓపిక ఉంటే 8 జీబీతో ఆ మెషిన్ ఇంకా చాలా కాలం పనికొస్తుంది. ఆ ఓపిక లేకపోతే దాని మీద ఎంత ఖర్చు పెట్టాలో మరోసారి ఆలోచించు. ర్యామ్ చవకే కావచ్చు, తర్వాతి మెషిన్‌లోకి మాత్రం అది రాదు. మీదానిలో ఉన్నది డీడీఆర్3 అనే పాత రకం ర్యామ్, ఇప్పటివన్నీ డీడీఆర్4, డీడీఆర్5. డీడీఆర్3 ల్యాప్‌టాప్ స్టిక్‌కి (ర్యామ్ ముక్కకి) 204 పిన్నులు, డీడీఆర్4కి 260. గాడి కూడా వేరే చోట ఉంటుంది, దూరనే దూరదు. ఎస్‌ఎస్‌డీ అయితే తీసి ఇంకోదానిలో పెట్టుకోవచ్చు.

విండోస్ 32 బిట్‌దా, 64 బిట్‌దా చూసుకో. 32 బిట్‌దైతే 4 జీబీ దాటి ఎంత వేసినా వాడుకోలేదు.

ఏ ర్యామ్ అన్న సంగతి. ఈ తరం ల్యాప్‌టాప్‌లకి కావాల్సింది డీడీఆర్3ఎల్. ఆ చివరి ఎల్‌ని తేలిగ్గా తీసుకోకు. మామూలు డీడీఆర్3 1.5 వోల్టులది, ఎల్ ఉన్నది 1.35 వోల్టులది. రెండూ ఒకే స్లాట్‌లో చక్కగా కూర్చుంటాయి, ఇబ్బందంతా అక్కడే. 1.5 వోల్టులది పెడితే ఇలాంటి ల్యాప్‌టాప్‌లు చాలావరకు ఆన్ అవ్వవు. స్టిక్కర్ మీద పీసీ3ఎల్-12800 అని ఉంటే సరైనదే, 12800 అంటే 1600 స్పీడ్. సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్ వేసి ఎస్‌పీడీ ట్యాబ్‌లో ఇప్పుడున్నదాని వివరాలు చూసుకో. స్లాట్లు రెండుంటే, ఉన్న 4కి పక్కన అలాంటిదే ఇంకో 4 వేయడం మేలు. ర్యామ్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య ఉన్న రెండు దారులూ (చానెళ్లూ) కలిసి పనిచేస్తాయి. ఆ మెషిన్‌లో గ్రాఫిక్స్ కూడా ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి వీడియోలకీ లాభమే. స్పీడ్ వేరే ఉన్న రెండు వేస్తే రెండూ తక్కువదాని స్పీడ్‌లోనే నడుస్తాయి, అంతకు మించి నష్టం లేదు. ఒక స్టిక్ బోర్డుకే అతికించేసి ఉందేమో కూడా చూడు.

ఇక చవక గురించి. చవకగా దొరికేదంతా చెత్త అని నేనను. పాత తరం మెషిన్లు పక్కన పెట్టేసినప్పుడు వాటిలోంచి తీసిన ర్యామ్ బోలెడు తేలుతుంది. ర్యామ్ మామూలుగా అరిగిపోయే వస్తువు కాదు. పాడైపోయేదైతే ఎక్కువగా మొదట్లోనే పోతుంది, లేదంటే ఏళ్ల తరబడి నడుస్తుంది. ప్రపంచంలో మెమరీ చిప్పులు చాలావరకు శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ చేసేవే. వాళ్ల వాడిన స్టిక్ ఒకటి, పేరూ ఊరూ లేని కొత్త స్టిక్ ఒకటి ముందు పెడితే నేను కళ్లు మూసుకుని వాడినదే తీసుకుంటాను. వెనక్కి తీసుకుంటారో లేదో, ఎన్ని రోజుల్లోనో ముందే చూసుకో. "అన్ని మోడళ్లకీ పనిచేస్తుంది" అని రాసి ఉంటే ఆ పేజీ మూసెయ్.

డెస్క్‌టాప్ వాడే నీ ఫ్రెండ్స్ ఎవరైనా అడిగితే చెప్పు: విడ్డూరంగా చవకైన డీడీఆర్2, డీడీఆర్3 స్టిక్‌లు కొన్ని "ఏఎండీ మదర్‌బోర్డులకి మాత్రమే" అని చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఇంటెల్ బోర్డులో పనిచేయవు. సర్వర్లకి చేసిన రిజిస్టర్డ్ ర్యామ్ కూడా అంతే. స్లాట్‌లో దూరుతుంది, మామూలు బోర్డు దాన్ని లేపదు.

ర్యామ్ కొనకుండానే పెంచుతామనే సాఫ్ట్‌వేర్ల జోలికి అసలు పోకు. 1995లో సాఫ్ట్‌ర్యామ్95 అని ఒకటి వచ్చింది, ఉన్న ర్యామ్‌ని రెట్టింపు చేస్తుందని తెగ అమ్మారు. పరీక్షిస్తే అలాంటిదేమీ చేయదని తేలింది. 1996లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాకా వెళ్లింది వ్యవహారం. ఇప్పటి బూస్టర్లు, క్లీనర్లు దాని మనవలు.

ఇదంతా నీకు సగం తెలిసిందే అయ్యుంటుంది. నేను ఉత్తరం మొదలుపెట్టింది ఇప్పుడు చెప్పబోయేదానికి.

మా పాత డెస్క్‌టాప్ నీకు లీలగా గుర్తుండాలి, ఒళ్లో కూర్చుని కీబోర్డు మీద బాదేవాడివి. దానికి మీ పెదనాన్న నాతో అనకుండా చవగ్గా ఒక ర్యామ్ తెచ్చి వేశారు. నన్ను ఆశ్చర్యపరుద్దామని. పేరులేని ముక్క, మీద ఒక తెల్ల స్టిక్కర్, అంతే. ఆన్ అయింది, రెట్టింపు చూపించింది, స్పీడ్ కూడా పెరిగింది. ఆయన మొహం వెలిగిపోయింది, నేనూ మెచ్చుకున్నాను. అప్పుడప్పుడు నీలం తెర వచ్చి రీస్టార్ట్ అయ్యేది, వైరస్ అనుకున్నాం. కొన్నాళ్లకి ఒక సెలవు రోజు ఆయనకి సర్దుడు ఉత్సాహం వచ్చి, ఇంటి ఫోటోలన్నీ పాత డిస్క్‌లోంచి కొత్త డిస్క్‌లోకి మార్చారు. కాపీ అంతా ఒక్క ఎర్రర్ లేకుండా పూర్తయింది. జాగ్రత్త మనిషే కదా, రెండు ఫోల్డర్ల సైజూ పోల్చి చూసుకున్నారు. సరిపోయింది. పాతదాన్ని ఫార్మాట్ చేసి ఎవరికో ఇచ్చేశారు.

మీ అమ్మమ్మ పోయాక, ఆవిడ ఫోటో ఒకటి పెద్దది ప్రింట్ తీయిద్దామని తెరిచాను. నుదుటి దాకా బానే ఉంది. కనుబొమల దగ్గర్నుంచి కిందికి బొమ్మంతా పక్కకి జరిగిపోయి, గులాబీ రంగు, ఆకుపచ్చ చారలు. ఇంకోటి తెరిస్తే కింది సగం ఉత్త బూడిద రంగు. కొన్ని తెరుచుకోనే లేదు. డిస్క్ పోయిందేమో అనుకుని దాన్ని పరీక్షించాను, డిస్క్ శుభ్రంగా ఉంది. ఆ రాత్రి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ పెడితే వరసగా ఎర్ర గీతలు వచ్చాయి.

జరిగింది ఇది. కాపీ చేసేటప్పుడు ఫైలు ఒక డిస్క్‌లోంచి ఇంకో డిస్క్‌లోకి నేరుగా దూకదు. ముందు ర్యామ్‌లోకి వచ్చి, అక్కణ్నుంచి అవతలి డిస్క్ మీదికి వెళ్తుంది. ఆ స్టిక్‌లో పాడైన చోటు కొంచెమే. మెయిలో, లెక్కలో చూసుకునే రోజుల్లో ఆ చోటు ఎప్పుడో గాని వాడుకలోకి రాలేదు. పెద్ద కాపీ మొదలెట్టేసరికి విండోస్ ఖాళీగా ఉన్న ర్యామ్‌నంతా ఆ ఫైళ్లతో నింపుతుంది కాబట్టి, మధ్యమధ్య ఒక ఫోటో సరిగ్గా ఆ చోటు మీదుగా వెళ్లింది. అక్కడ 0 కాస్తా 1 అయింది. సైజు మారదు, కాబట్టి పోల్చి చూసినా తెలియదు. సర్వర్లలో వాడే ఈసీసీ ర్యామ్ అయితే పట్టుకుని సరిచేసేది. మన ఇళ్లలో ఉండేదానికి ఆ కాపలా లేదు. ఫోటోలు దాచే జేపెగ్ ఫైల్లో ముందున్న ముక్కని బట్టి తర్వాతి ముక్క విప్పుకుంటుంది, అందుకని ఒక్క బిట్ తప్పితే అక్కణ్నుంచి కిందంతా పోతుంది.

ర్యామ్ తక్కువైతే మెషిన్ స్లో అవుతుంది, నీకు కోపం వస్తుంది, అంతే. చెడ్డ ర్యామ్ అయితే నీ ఫైళ్లని నీకు చెప్పకుండా పాడుచేస్తుంది. బ్యాకప్ తీస్తే బ్యాకప్‌లోకీ పాడైనదే ఎక్కుతుంది. నా భయమంతా ఇదే. మీ అమ్మ "నువ్వు మరీను అక్కా" అంటుంది, అననీ. పెదనాన్న దగ్గర మాత్రం ఈ మాట ఎత్తకు. ఆయన్ని నేనెప్పుడూ ఏమీ అనలేదు. అయినా ఇప్పటికీ ఫోన్‌లోంచి నాలుగు ఫోటోలు ఎక్కించినా ఒక్కొక్కటీ తెరిచి చూసుకుంటారు.

కాబట్టి ఈ వరస తప్పకు. కొత్త స్టిక్ పెట్టకముందే, పాత ర్యామ్‌తోనే, ఆ ల్యాప్‌టాప్‌లో ఉన్నదంతా బయటి డిస్క్‌లోకి తీసుకో. మీ నాన్న ఫోల్డర్లు కూడా. "ఏముంటాయిలే" అనుకోకు. ఆ డిస్క్ తీసి పక్కన పెట్టేశాకే మూత విప్పు. కొత్తది వేశాక విండోస్‌లోకి వెళ్లొద్దు. మెమ్‌టెస్ట్86+ ఉచితంగా దొరుకుతుంది, ముందే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఉంచుకుని, దానితోనే బూట్ చేసి రాత్రంతా వదిలెయ్. పొద్దున చూస్తే ఒక్క ఎర్రర్ ఉన్నా అది పనికిరాదు. "ఒక్కటే కదా" అని వాదించకు నాతో. రెండు స్టిక్‌లు ఉంటే ఒక్కొక్కటే పెట్టి, ఏది దొంగో తేల్చి వెనక్కి పంపెయ్. ఆ పరీక్ష శుభ్రంగా అయ్యేదాకా పెద్ద కాపీలు, లినక్స్ ఇన్‌స్టాల్, బయోస్ (మెషిన్‌ని లేపే బోర్డు సొంత సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఏవీ వద్దు.

బిగించడం తేలికే. ఛార్జర్ తీసెయ్, బ్యాటరీ కనెక్షన్ కూడా. ఏదైనా లోహాన్ని ముట్టుకుని స్టాటిక్ వదిలించుకో. స్టిక్‌ని అంచులు పట్టుకుని ఏటవాలుగా లోపలి దాకా తోసి, తర్వాత కిందికి నొక్కితే రెండు పక్కలా క్లిప్పులు టక్కుమంటాయి. బంగారు గీత ఇంకా బయటికి కనబడుతుంటే సరిగ్గా దూరలేదన్నమాట. మొదటిసారి తెర వెలగడానికి కాస్త ఆలస్యమైతే వెంటనే ఆపేయకు.

ఆర్డర్ పెట్టేముందు టాస్క్ మేనేజర్ మెమరీ పేజీ ఒక ఫోటో, లోపలున్న స్టిక్ మీది స్టిక్కర్ ఒక ఫోటో నాకు పంపు. రాత్రి ఎంత పొద్దుపోయినా పర్లేదు, చూసి చెబుతాను. కింది మూత స్క్రూలన్నీ ఒకే పొడవు ఉండవు. పొట్టిదాని చోట పొడవుది బిగిస్తే పైన కీబోర్డు దగ్గర ఉబ్బుతుంది. ఏది ఎక్కడిదో తీస్తున్నప్పుడే కాగితం మీద బొమ్మ గీసుకుని, దాని మీదే పెట్టుకో.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ