మనవరాలికి ఏ పత్రిక పంపను?

ప్రశ్న: మా అబ్బాయి కుటుంబం ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఉంటుంది. కోడలు ఫ్రెంచి అమ్మాయి. పిల్లలతో ఆమె ఫ్రెంచిలో, మావాడు ఇంగ్లీషులో మాట్లాడతారు. మనవరాలికి ఎనిమిదేళ్లు, మనవడికి ఐదు. ఇద్దరూ ఫ్రెంచి బడిలోనే చదువుతున్నారు. ప్రతి పుట్టినరోజుకీ బొమ్మలే పంపుతున్నాను. ఈసారి మంచి పిల్లల పత్రికకు ఏడాది చందా కట్టాలని ఉంది. రెండు భాషలూ కలిపి ఉన్న పత్రిక ఏదైనా ఉందా? లేకపోతే ఏవి ఎంచుకోవాలి? కోడలికి నచ్చనిది పంపుతానేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక నాయనమ్మ

జవాబు: నమస్కారమండీ. ఫ్రాన్స్‌లోనే ఉన్న తులూజ్ నగరంలో ఒక గ్రంథాలయంలో పన్నెండేళ్లు పిల్లల విభాగం చూసుకున్నాను. మా అమ్మాయిని కూడా ఈ రెండు భాషల మధ్యే పెంచాను. అందుకే నేను చేసిన పొరపాటుతో మొదలుపెడతాను.

నేనూ మీలాగే రెండు భాషలూ ఉన్న పత్రిక కోసం వెతికాను. ఫ్రాన్స్‌లో అలాంటివి దొరుకుతాయి. అయితే అవి ఇంగ్లీషును కొత్తగా నేర్చుకునే ఫ్రెంచి పిల్లల కోసం చేసినవి. బయార్ సంస్థ తెచ్చే 'ఐ లవ్ ఇంగ్లిష్' ఆ కోవలోదే, ఆ పనికి మంచి పత్రిక కూడా. పుట్టినప్పటి నుంచి నాన్నతో ఇంగ్లీషులో మాట్లాడే పిల్ల అవసరం వేరు. నేను అలాంటి పత్రిక ఒకటి తెప్పిస్తే, మా అమ్మాయి రెండో సంచికకే "అమ్మా, నాకు తెలిసిన మాటలకే అర్థాలు రాశారు" అని పక్కన పెట్టేసింది. ఇక ఒక పేజీలో ఒక భాష, ఎదురు పేజీలో ఇంకో భాష ఉన్నవైతే, పిల్లలు తమకు సులువైన పేజీ చదివేసి రెండోది వదిలేస్తారు. గ్రంథాలయంలో ఇది ఎన్నోసార్లు చూశాను. కాబట్టి దేనికది విడిగా కొనండి.

ఫ్రెంచి విషయంలో మీకు బెంగ అక్కర్లేదు. పిల్లల పత్రికల్లో ఫ్రాన్స్ ఎంత సంపన్నమైన దేశమో చెప్పలేను. చిన్నపిల్లల 'పొమ్ దాపీ' 1966 నుంచి వస్తోంది. ఏడు నుంచి పదేళ్ల వాళ్ల 'జెమ్ లీర్' 1977లో మొదలైంది. మీ కోడలు కూడా చిన్నప్పుడు చదివే ఉంటుంది, ఒకసారి అడిగి చూడండి. చేతిలో ఇమిడే చిన్న పుస్తకం అది. అందులో అధ్యాయాలుగా విడదీసిన ఒక పూర్తి కథ, ఆ తర్వాత ఆటలు, బొమ్మల కథలు ఉంటాయి. ఎనిమిదేళ్ల పిల్ల ఆ కథ పూర్తి చేసిందంటే, జీవితంలో మొదటి నవల చదివినట్టే. జంతువులంటే ఇష్టమైతే తులూజ్‌లోనే పుట్టిన మిలాన్ సంస్థ 'వాపిటి' ఉంది. మనవడికి 'లే బెల్ ఇస్త్వార్' బాగుంటుంది. పెద్దవాళ్లు ఒళ్లో కూర్చోబెట్టుకుని చదివి వినిపించడానికి రాసిన కథలు అవి. ఒక్క జాగ్రత్త: 'పొమ్ దాపీ సొలేయ్' అని ఇంకోటి ఉంది. పేరు దాదాపు ఒకటే అయినా అది క్రైస్తవ మత పరిచయం కోసం వచ్చే వేరే పత్రిక. కోడలి ఇష్టం కనుక్కోకుండా అది కట్టకండి.

ఇంట్లో అమ్మ ఫ్రెంచి మాట్లాడుతుంటే, బడిలోనూ అదే అయితే, మళ్లీ ఫ్రెంచి కథలెందుకని చాలామంది అడుగుతారు. ఫ్రెంచిలో మాటల్లో కాకుండా రాతలో, ముఖ్యంగా కథల్లో వాడే ఒక భూతకాలం ఉంది, దాన్ని 'పాసే సాంప్ల్' అంటారు. ఆమె జవాబిచ్చింది అనడానికి మాటల్లో అందరూ 'ఎల్ అ రెపోందు' అంటారు. కథలో అదే 'ఎల్ రెపోందీ' అవుతుంది. వంటింట్లోగానీ వీధిలోగానీ ఆ రూపం ఎవరి నోటా వినపడదు. అది చెవికి అలవాటు కావాలంటే కథలు చదవాలి, వినాలి. అది అలవాటు లేని పిల్లలు పై తరగతుల్లో పాఠ్యపుస్తకం తెరిచి అక్కడే ఆగిపోతారు.

ఇలా అన్నాక కూడా నా సలహా ఏమిటంటే, మీ డబ్బు ఇంగ్లీషు మీద పెట్టండి. లియోన్‌లో ఫ్రెంచి పత్రికలు గ్రంథాలయంలో అరువు దొరుకుతాయి. 'విద్-గ్రెనియే' అని వీధుల్లో పాత సామాన్ల సంతలు పెడతారు. అక్కడ 'జెమ్ లీర్' పాత సంచికలు పెట్టెల నిండా ఉంటాయి, చాలా చవక. పాతబడ్డా కథకు వచ్చిన లోటేమీ లేదు. ఇంగ్లీషు అలా కాదు. ఇంట్లో నాన్న గొంతు తప్ప ఆ పిల్లలకు ఇంకో ఆధారం లేదు.

ఇక్కడే అందరూ పొరపడేది. పత్రిక అట్ట మీద 'ఎనిమిది నుంచి పన్నెండు' అని ఉందని మనవరాలికి అదే కట్టేస్తారు. ఆ అంకెలు ఇంగ్లీషులోనే చదవడం నేర్చుకున్న పిల్లల కోసం వేసినవి. మీ మనవరాలు అక్షరాలు నేర్చింది ఫ్రెంచిలో. పి-ఏ-ఐ-ఎన్ అని కనిపిస్తే ఆమె కంటికి అది రొట్టె, ఇంగ్లీషులో నొప్పి. సి-హెచ్-ఏ-టి ఫ్రెంచిలో పిల్లి, ఇంగ్లీషులో కబుర్లు. నాన్న మాట్లాడితే అన్నీ అర్థమయ్యే పిల్ల కూడా, అచ్చులో అదే మాట చూసి తడబడుతుంది. తెలివి తక్కువై కాదు, ఆ అచ్చు అలవాటు లేక.

అలాగని ఐదేళ్ల వాళ్ల పత్రిక ఇస్తే చిన్నబుచ్చుకుంటుంది. అందుకని బొమ్మలు అర్థానికి దన్నుగా నిలిచేవి వెతకాలి. బ్రిటన్ నుంచి వచ్చే 'విజ్ పాప్ బ్యాంగ్' అనే సైన్సు మాసపత్రికను నేను మొదట చెబుతాను. అందులో ఇంట్లో చేసుకునే ప్రయోగాలుంటాయి. తర్వాత ఏం కలపాలో తెలియాలంటే తర్వాతి వాక్యం చదవాల్సిందే కదా. బొమ్మల కథలంటే ప్రాణమైతే 'ద ఫీనిక్స్' బాగుంటుంది. అది 2012లో మొదలైన వారపత్రిక. ప్రతివారం వచ్చేది కాబట్టి తపాలా ఖర్చెంతో ముందే కనుక్కోండి. అమెరికా పత్రికల్లో 'స్పైడర్' నాకు ఇష్టం, కథలూ కవితలూ శ్రద్ధగా ఎంచి వేస్తారు. అమెరికా స్పెల్లింగు కొంచెం వేరైనా ఈ వయసులో దాని గురించి ఆలోచించకండి. మనవడికి బయార్ వాళ్లదే 'స్టోరీబాక్స్' చూడండి. అది మీ మనవడు చదవాల్సింది కాదు, వాళ్ల నాన్న రాత్రి పడుకోబెడుతూ చదవాల్సింది. ఆ మాట మీ అబ్బాయికి గట్టిగా చెప్పండి. తీరిక లేదంటే ఒప్పుకోకండి.

డబ్బు కట్టే ముందు ఒక్క విడి సంచిక తెప్పించి మనవరాలి ముందు పెట్టమనండి. రెండోసారి తనంతట తానే తెరిచిందంటే ఏడాదికి కట్టండి. చందా గడువు ముగిశాక దానంతటదే కొనసాగుతుందా, ఆగిపోతుందా అన్నది చూసుకోండి. చిరునామాలో కొడుకు పేరు కాకుండా మనవరాలి పేరే రాయించండి. తన పేరుతో వచ్చిన కవరును మా అమ్మాయి మమ్మల్ని ముట్టుకోనిచ్చేది కాదు.

మీరు పిల్లలతో మాట్లాడేది ఇంగ్లీషులోనే అనుకుంటాను. అయితే ఆదివారం ఫోన్‌లో, ఆ వారం చదివిన ఫ్రెంచి కథను మీకు ఇంగ్లీషులో చెప్పమని మనవరాలిని అడగండి. మీకు ఫ్రెంచి రాదని ఆమెకు తెలుసు కాబట్టి, నిజంగానే మీకు అర్థమయ్యేలా చెప్పాలని చూస్తుంది. మాట దొరక్క ఆగితే మీరు అందించకండి, కాసేపు ఆగండి.