ఆ తలుపు ఎందుకు తట్టావు?

బాబూ,

నీ వ్యాసం చదివి పక్కన పెట్టాను. మర్నాడు మళ్లీ తీసి చదివాను. చివరి పేజీకి వచ్చేసరికి మళ్లీ అదే కోపం. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను. ఓపికగా చదువు.

నీ వాక్యం శుభ్రంగా ఉంది. అది అందరికీ రాదు. ఇక అసలు సంగతికి వస్తాను.

‘ఆ వేసవి నాకు నేర్పిన పాఠాలు’ అంటూ సమయపాలన, డబ్బు విలువ, శ్రమ పట్ల గౌరవం, సర్దుబాటు, సొంత కాళ్ల మీద నిలబడటం అని అంకెలు వేసి మరీ రాశావు. పదిహేనేళ్ల పిల్లవాడు రెండు నెలలు బాబాయి ఇంట్లో ఉండి నేర్చుకుని వచ్చింది ఇదేనా? ఈ మాటలన్నీ నీకు అంతకు ముందే తెలుసు. బడి గోడల మీద చదివావు, పెద్దవాళ్ల నోట వెయ్యిసార్లు విన్నావు. ఇల్లు కదలకుండానే తెలిసిన విషయాలు రాయడానికి ఆ ప్రయాణం ఎందుకు, ఆ బెంగ ఎందుకు, ఆరు పేజీలు ఎందుకు?

మూడో పేజీలో ఒక వాక్యం ఉంది. నువ్వు దాన్ని గమనించావో లేదో నాకు తెలియదు. సెలవులు అయిపోయి ఇంటికి తిరిగివచ్చిన సాయంత్రం, మీ ఇంటి తలుపు తీసే ఉన్నా, నువ్వు గడప బయట ఆగి తట్టావు. లోపలినుంచి మీ అమ్మ “ఎవరూ?” అంది. అంతే. ఆ వెంటనే ‘క్రమశిక్షణ అలవడింది’ అంటూ ఇంకో పేరాలోకి వెళ్లిపోయావు. నేను మాత్రం అక్కడినుంచి కదలలేకపోయాను. నువ్వు నిజంగా ఇంటికి దూరంగా ఉండి వచ్చావని నేను నమ్మింది ఆ ఒక్క చోటనే. తన ఇంటి తలుపు తానే తట్టేదాకా ఒక పిల్లవాడు రెండు నెలల్లో ఎలా వచ్చాడు? నీ వ్యాసం మొత్తం ఆ ప్రశ్న చుట్టూ నడవాలి.

బాబాయి ఇల్లైనా పరాయి ఇల్లే. తడి తువ్వాలు ఎక్కడ ఆరవేయాలో తెలియదు. రాత్రి దాహం వేస్తే, గ్లాసు చప్పుడుకు ఎవరైనా లేస్తారేమోనని దాహంతోనే పడుకుంటాం. ఆకలి తీరకపోయినా చాలంటాం. దీపం ఎప్పుడు ఆర్పాలో మన చేతిలో ఉండదు. పెద్దవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకుంటుంటే అది మన గురించేనేమో అనిపిస్తుంది. అప్పుడు పుస్తకం తెరిచి, చదువుతున్నట్టు కూర్చుంటాం, పేజీ తిప్పడం కూడా మరిచిపోకుండా. సొంత ఇంట్లో ఉన్నన్నాళ్లూ పిల్లవాడు తనను తాను చూసుకోడు. పరాయి ఇంట్లో మొదటిసారి చూసుకుంటాడు: ఎంత తింటున్నాను, ఎంత చప్పుడు చేస్తున్నాను, ఎంత చోటు తీసుకుంటున్నాను. ఆ చూపు ఒకసారి అలవాటయ్యాక పోదు. వెంట ఇంటికి కూడా వస్తుంది. అది మంచిదా, చెడ్డదా అని నన్ను అడగకు. దానికి పేరు పెట్టాలని తొందరపడితేనే అది చేయి జారిపోతుంది.

ఇవన్నీ నీకూ జరిగాయని నాకెలా తెలుసంటావా? తలుపు తట్టావు కనుక తెలుసు.

నేను జీవితమంతా పట్టుకుని వేలాడిన నమ్మకం ఒకటుంది. దాని కోసం చాలామందితో పోట్లాడాను, నీతోనూ పోట్లాడతాను. ఆ వయసుకు తెలియనిది ఆ వయసు నోట పెట్టకూడదు. నువ్వు పేజీకొకసారి ‘అప్పుడే నాకు అర్థమైంది’ అన్నావు. అప్పుడు నీకేమీ అర్థం కాలేదు. ఏదో జరుగుతోందని తెలుసు, అదేమిటో తెలియదు, ఎవరినీ అడగలేవు. పదిహేనేళ్ల వయసంటే అదే. ఇరవై మూడేళ్ల నువ్వు వెళ్లి ఆ కుర్రవాడి పక్కన నిలబడి, అతను నోరు తెరవబోయినప్పుడల్లా అతని తరఫున జవాబు చెబుతున్నావు. ఇప్పుడు తెలిసింది చెప్పాలనుంటే చెప్పు, ఇప్పటి గొంతుతో, ఇప్పుడు అనిపిస్తోందని చెప్పు. దానికి నేను అడ్డు రాను.

పద్దెనిమిదో శతాబ్దపు తత్వవేత్త రూసో తన ఆత్మకథలో అలాగే చెప్పాడు. జెనీవా వదిలి వెళ్లిన పదహారేళ్ల రూసో ఇటలీలోని ట్యూరిన్‌లో ఒక గొప్పింట్లో నౌకరుగా ఉంటూ పాత రిబ్బనొకటి దొంగిలించాడు. దొరికిపోయాక, ఆ ఇంట్లో వంట చేసే మారియన్ అనే అమ్మాయి తనకు ఇచ్చిందని అబద్ధమాడాడు. దాదాపు నలభై ఏళ్ల తరువాత ఆ సంగతి రాస్తూ, ఆమె మీద పగేమీ లేదనీ, ఆమె అంటే ఇష్టం ఉండబట్టే ఆ పేరు నోటికి వచ్చిందనీ, ఆ రిబ్బను ఆమెకే ఇవ్వాలనుకున్నాననీ రాశాడు. ఆ మాట అనడానికి యాభై దాటిన మనిషి కావాలి. ఆ రోజు ఆ ఇంట్లో నిలబడిన కుర్రవాడి దగ్గర ఉన్నది భయం, అవమానం మాత్రమే. రెండు వయసులనూ అతను కలిపేయలేదు.

ఇంగ్లీషు నవలాకారుడు డికెన్స్ సంగతి ఇంకా గొప్పది. 1824లో అతనికి పన్నెండేళ్లు. తండ్రిని అప్పుల కింద జైల్లో పెట్టారు. పిల్లవాడు వేరేచోట అద్దెకు ఉంటూ, లండన్‌లో థేమ్స్ నది ఒడ్డున బూట్ల నల్లరంగు తయారుచేసే చోట పని చేశాడు. పెద్దయ్యాక ఆ రోజుల గురించి రాసి దాచుకున్నాడు. అది అతని మరణం తరువాత, స్నేహితుడు ఫార్‌స్టర్ రాసిన జీవితచరిత్రలో బయటికి వచ్చింది. అందులో ఆ పని ఎంత వివరంగా ఉంటుందో తెలుసా? డబ్బా మీద ముందు నూనె కాగితం, దాని మీద నీలం కాగితం, చుట్టూ దారం, ఆ తరువాత అంచులు చుట్టూ సమంగా కత్తిరించడం, చివర్లో అచ్చువేసిన చీటీ అతికించడం. జీతం వారానికి ఆరు షిల్లింగులో ఏడో తనకు సరిగా గుర్తులేదంటాడు. గుర్తులేదు కనుక బహుశా మొదట ఆరు, తరువాత ఏడు ఇచ్చి ఉంటారని తేల్చుకుంటాడు. ఆ చిన్న లెక్క దగ్గర నాకు గుండె పట్టేస్తుంది. చివరికి తండ్రి ఆ పని మాన్పించినా, తల్లి మాత్రం మళ్లీ పంపాలనే పట్టుబట్టింది. అది తాను ఎన్నటికీ మరిచిపోలేనని రాశాడు. శ్రమ విలువ తెలిసిందని ఎక్కడా అనలేదు. నీ వ్యాసంలో బాబాయి నీ చేత ఏం పని చేయించాడో నాకు ఇప్పటికీ తెలియదు. ‘పనుల్లో సాయపడేవాణ్ణి’ అని రాశావు. ఏ పనులు? చేతులు ఏం చేశాయి? ఏది పాడుచేశావు, ఎవరు తిట్టారు?

నాకీ విషయంలో ఇంత పంతం ఎందుకో కూడా చెప్పాలి. నా పదహారో ఏట మా అమ్మమ్మ చెల్లెలు మంచం పడితే, సాయంగా ఉండమని నన్ను వేసవి సెలవులకు పంపారు. పగలు పేపరు చదివి వినిపించేదాన్ని. రాత్రి పక్క గదిలో పడుకుని ఆమె ఊపిరి వింటూ ఉండేదాన్ని. ఒక్కోసారి అది ఆగినట్టు అనిపించేది. మళ్లీ వినబడాలని కోరుకున్నానో, వినబడకూడదని కోరుకున్నానో నాకు తెలియదు. చాలా ఏళ్లకు, ఆ తెలియకపోవడం మీదే కథ రాశాను. ఒక వారపత్రిక వేసుకుంది. అచ్చయిన కాపీ తెరిచి చూస్తే చివరి మూడు వాక్యాలు నావి కావు. ‘సేవలోనే నిజమైన ఆనందం ఉందని ఆ అమ్మాయి గ్రహించింది’ అని ఉంది. వెళ్లి అడిగితే ఆ సంపాదకుడు, “పాఠకుడు ఏదో ఒకటి చేత పట్టుకుని వెళ్లాలి కదమ్మా” అన్నాడు. చీకట్లో చెవి రిక్కించి పడుకున్న ఆ అమ్మాయి నోరు నొక్కేసి, దాన్ని సేవ అన్నాడు. బంధువులు ఆ మూడు వాక్యాలనే మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశారు. సంపుటిలో వేసేటప్పుడు వాటిని తీసేస్తే, ముగింపు తేలిపోయిందని ఒక సమీక్షకుడు రాశాడు. ఆ కోపం నాలో ఇంకా చల్లారలేదు. చల్లారాలని నాకు లేదు కూడా. కథల పోటీల న్యాయనిర్ణేతలు ‘సందేశం లోపించింది’ అని రాసి తిప్పిపంపిన రోజులవి. ఇప్పుడు పరిస్థితి ఇంకా అన్యాయం. సంపాదకుడు కలం పెట్టనక్కరలేదు, రచయితలే ముందుగా పాఠం అతికించి పంపుతున్నారు. జ్ఞాపకాల వ్యాసం ఏది తీసినా చివర కళ్లు చెమరుస్తాయి, జీవితం ఏదో నేర్పుతుంది. నీలాంటి వాక్యం రాయగలవాడు కూడా ఆ దారిన పోతుంటే చూస్తూ ఊరుకోలేను.

ఈ వేసవి గురించి స్నేహితులందరికీ తరచూ చెబుతుంటానని రాశావు. అదే ప్రమాదం. చెప్పగా చెప్పగా అది ఏటి గులకరాయిలా నున్నబడింది. కేంబ్రిడ్జి మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. ఉత్తర అమెరికా ఆదివాసుల కథ ఒకదాన్ని ఇంగ్లండు పాఠకుల చేత చదివించి, కొంతకాలం విడిచి గుర్తున్నది రాయమన్నాడు. దోనెలు మామూలు పడవలయ్యాయి. సీల్ అనే సముద్ర జంతువుల వేట చేపల వేట అయింది. కొందరి కథల్లోంచి దయ్యాలే జారిపోయాయి. అర్థంకాని ముక్కలను తమకు అర్థమయ్యేలా సర్దేసుకున్నారు, సర్దుతున్నామని వాళ్లకే తెలియకుండా. కౌమారం, తొలి యవ్వనం జ్ఞాపకాలు అంత తేలిగ్గా చెరిగిపోవు. నడివయసు దాటినవాళ్లను అడిగితే పదేళ్లకూ ముప్పై ఏళ్లకూ మధ్య సంగతులే ఎక్కువగా చెబుతారని పరిశోధకులు గమనించారు. పోవు కానీ మారతాయి, అదీ చిక్కు. అందుకని రాసేదాకా ఆ వేసవి గురించి ఎవరికీ చెప్పకు. మీ అమ్మను కూడా అడగకు. ఆమె చెప్పింది విన్నాక నీది నీకు దొరకదు. రాయడం పూర్తయ్యాక అడుగు. రెండూ కలవని చోట ఏముందో అప్పుడు చూడు.

రాయడానికి కూర్చున్నప్పుడు, నీకు ఇప్పటికీ అర్థంకాని వాటితో మొదలుపెట్టు. ‘రోజూ రాత్రి అమ్మతో ఫోనులో మాట్లాడేవాణ్ణి’ అన్నావు. ఆ ఫోను ఏ గదిలో ఉండేది? మాట్లాడుతుంటే ఎవరు వింటూ ఉండేవారు? ‘బాగున్నాను’ అన్నావా? అమ్మకు చెప్పకుండా నువ్వు దాచిన మొదటి సంగతి ఏమిటి? పిల్లవాడు ఇంటినుంచి విడిపోవడం అక్కడ మొదలవుతుంది, బస్సెక్కినప్పుడు కాదు. నీ వ్యాసంలో ఆ ఫోనుకు ఒక్క వాక్యమే దక్కింది.

ఇంకొకటి. ‘బాబాయి ఇంట్లో చిన్న చిన్న సమస్యలు ఉండేవి’ అని దాటేశావు. ఆ వాక్యం వెనక ఒక గొడవ ఉంది, ఆ గొడవలో మీ పిన్ని ఉంది. ఆరు పేజీల్లో ఆమె ఒక్క మాట కూడా మాట్లాడదు. నిజం పేర్లు వాడవచ్చా అని అడిగావు కనుక చెబుతున్నాను. రాసేటప్పుడు నిజం పేర్లే ఉంచు. అచ్చుకు పంపే ముందు పేరు, ఊరు, వృత్తి అన్నీ మార్చు. గుర్తుపట్టే వీలుందనిపిస్తే పంపడమే మానుకో. బతికున్న మనిషి మర్యాద కన్నా మన వ్యాసం ఎక్కువ కాదు. కానీ మొదటే పేరు మారిస్తే చేయి లొంగిపోతుంది. అందరూ మంచివాళ్లైపోతారు, ముఖ్యంగా నువ్వు.

నీ ప్రతిలో మొదటి అయిదు పేజీలు ఈ ఉత్తరంతో తిప్పి పంపుతున్నాను. పక్కన పెన్సిలుతో గీసిన చోట్లు చూసుకో. పాఠాల పేజీ నా దగ్గరే ఉంచుకున్నాను, దాన్ని అడగకు. గొడవ జరిగిన రాత్రి నువ్వు ఎక్కడ పడుకుని ఉన్నావో, నీకు ఏం వినబడిందో ముందు రాయి. వినబడనిది కల్పించకు. కాగితానికి ఒకవైపే రాసి, కుడిపక్కన నాకు కాస్త జాగా వదులు. వచ్చే నెలాఖరు దాకా ఇంట్లోనే ఉంటాను. ఆలోగా పంపితే వెంటనే చదువుతాను.

ఆశీస్సులతో